ఎన్నికల కోడ్ లేని రోజుల్లోనూ ఫ్లెక్సీలు తీయించాలి

సంపాదకులకు నమస్కారాలు.

రాజకీయ పార్టీల ఫ్లెక్సీలు, గోడరాతలు, తోరణాలు ఎక్కడ పెట్టవచ్చు, వాటిని ఎవరు తీయాలి, ఎన్ని రోజుల్లో తీయాలి అన్న చర్చ మన పట్టణాల్లో ఎన్నికల ప్రకటన వెలువడిన రోజున మొదలై, ఆ వారంలోనే ముగిసిపోతోంది. మిగతా కాలమంతా ఏ నాయకుడి అనుచరులు ఏ కూడలిలో ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టినా అడిగేవారు ఉండరు. ఎన్నికల సమయంలో అధికారులు చూపే శ్రద్ధలో సగమైనా ఏడాది పొడవునా చూపాలనీ, అందుకు కావలసిన నిబంధనల్లో చాలా భాగం ఇప్పటికే మన చేతిలో ఉన్నాయనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2024 మార్చి 16న ఎన్నికల సంఘం సార్వత్రిక ఎన్నికల షెడ్యూలు ప్రకటించగానే మన ఆంధ్రప్రదేశ్ అంతటా ఏం జరిగిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పురపాలక సిబ్బంది నిచ్చెనలు, కత్తెరలు, సున్నం డబ్బాలతో వీధుల్లోకి వచ్చారు. నాయకుల విగ్రహాలకు ముసుగులు కట్టారు, శిలాఫలకాల మీద కాగితాలు అంటించారు, పార్టీల రంగులు వేసిన జెండా దిమ్మెలకు తెల్ల సున్నం కొట్టారు, స్తంభాల మీది ఫ్లెక్సీలను కోసి ట్రాక్టర్లలో వేసుకుని పోయారు. ఇదంతా ఎవరి ఇష్టానికో జరిగింది కాదు. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం షెడ్యూలు ప్రకటించిన 24 గంటల్లో ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల నుంచి, 48 గంటల్లో బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, వంతెనలు, కరెంటు స్తంభాలు, రోడ్ల వంటి బహిరంగ స్థలాల నుంచి, 72 గంటల్లో అనుమతి లేకుండా పెట్టిన ప్రైవేటు ఆస్తుల మీద నుంచి రాజకీయ ప్రచార సామగ్రి మొత్తం తొలగించి తీరాలి. తొలగించినట్లు జిల్లా యంత్రాంగం పైకి నివేదిక కూడా పంపాలి.

నన్ను ఆలోచింపజేసింది ఈ మూడు రోజుల పనే. ఏళ్ల తరబడి ‘సిబ్బంది లేరు’, ‘పై నుంచి ఒత్తిళ్లు ఉన్నాయి’, ‘ఎవరు కట్టారో తెలియదు’ అని సమాధానం చెప్పిన కార్యాలయాలే, అదే సిబ్బందితో, అవే నిచ్చెనలతో మూడు రోజుల్లో పట్టణాన్ని శుభ్రం చేసి చూపించాయి. అంటే కొరత మనుషులదీ కాదు, వాహనాలదీ కాదు. గడువు పెట్టి, జవాబు అడిగే పై అధికారి ఒకరు ఉంటే పని జరుగుతుంది, లేకపోతే జరగదు. కోడ్, అంటే ఎన్నికల ప్రవర్తనా నియమావళి, ఎత్తివేయగానే ఆ అడిగేవారు ఉండరు కాబట్టి, విజయోత్సవ ర్యాలీతో మొదలుపెట్టి ప్రమాణ స్వీకారం, పుట్టినరోజు, నామినేటెడ్ పదవి, పండుగ శుభాకాంక్షలు, ‘స్వాగతం సుస్వాగతం’ అంటూ కొత్త ఫ్లెక్సీలు పాత తాళ్లకే వేలాడతాయి. నా అంచనాలో ఏడాదిలో కనిపించే రాజకీయ ఫ్లెక్సీల్లో ఎన్నికల ప్రచారానివి తక్కువ, ఈ శుభాకాంక్షల తరహావి ఎక్కువ. మనం గట్టిగా అమలు చేస్తున్న నిబంధనలు మాత్రం ఆ తక్కువ వాటి కోసమే ఉన్నాయి.

ఇది పట్టణం అందానికి మాత్రమే సంబంధించిన విషయం అనుకునేవారు రోడ్డు మధ్య డివైడరు మీద కట్టిన ఒక ఫ్లెక్సీని దగ్గరగా నిలబడి చూడాలని కోరుతున్నాను. రెండు సరుగుడు కర్రలను డివైడరులోని మొక్కల మట్టిలో జానెడు లోతున పాతుతారు, లేదా వీధిదీపపు స్తంభానికే బైండింగ్ వైరుతో బిగిస్తారు. గాలి పోవడానికి ఫ్లెక్సీలో కోతలు పెట్టరు, పెడితే నాయకుడి ముఖం చెడిపోతుందని భయం. గాలివాన వచ్చినప్పుడు అది తెరచాపలా నిండి, కర్రతో సహా రోడ్డు మీదికి ఒరుగుతుంది. మలుపు దగ్గర కట్టినది అయితే ఒరగకుండానే ప్రమాదం తెస్తుంది. యూ టర్న్ తీసుకునే ద్విచక్ర వాహనదారుడికి ఎదురుగా వచ్చే బస్సు కనిపించదు. ఫ్లెక్సీ చిరిగిపోయి ఊడిపోయాక కూడా స్తంభానికి చుట్టిన ఇనుప తీగ కొసలు మనిషి భుజం ఎత్తులో పొడుచుకు వచ్చి నెలల తరబడి అలాగే ఉంటాయి.

కట్టేవారి ప్రాణాల సంగతి ఇంకా బాధాకరం. చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో 2020 సెప్టెంబరు 1న సినీ నటుడూ, పార్టీ అధినేతా అయిన ఒకరి పుట్టినరోజు కోసం బ్యానరు నిలబెడుతూ ముగ్గురు యువకులు కరెంటు తీగలు తగిలి చనిపోయారు. తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో 2024 నవంబరులో విగ్రహావిష్కరణ కోసం ఫ్లెక్సీ కడుతూ నలుగురు యువకులు అదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. ఇనుప చట్రానికి ఫ్లెక్సీ బిగించి, రాత్రిపూట, చీకట్లో, తీగల కింద దాన్ని పైకి లేపడమే ఇలాంటి ప్రమాదాలకు దారి. ఫ్లెక్సీ మీద ముఖం ఉన్న నాయకుడు పరామర్శకు వస్తాడు, పరిహారం ప్రకటిస్తాడు. ఆ కుర్రవాళ్లకు అక్కడ ఫ్లెక్సీ కట్టడానికి అనుమతి ఎవరు ఇచ్చారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు, ఎందుకంటే అనుమతి అనే మాటే అక్కడ పుట్టి ఉండదు.

చెన్నైలో 2019 సెప్టెంబరు 12న ఒక రాజకీయ నాయకుడి ఇంటి పెళ్లి కోసం డివైడరు మీద కట్టిన బ్యానరు స్కూటరు మీద వెళుతున్న 23 ఏళ్ల యువతి మీద పడింది. ఆమె కింద పడగానే వెనుక వస్తున్న నీళ్ల ట్యాంకరు ఆమె మీదుగా వెళ్లింది. మద్రాసు హైకోర్టు ప్రభుత్వాన్ని తీవ్రంగా మందలించింది, ప్రధాన పార్టీలు తమ కార్యకర్తలు ఇలాంటి బ్యానర్లు కట్టరాదని బహిరంగంగా ప్రకటించాయి. మన దగ్గర అంతటి ప్రకటన రావడానికి శాంతిపురం, తాడిపర్రు చాలవా అని నేను నిజంగానే అడుగుతున్నాను.

ఇక గోడల విషయం. ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ఒక స్పష్టమైన వాక్యం ఉంది: ఏ వ్యక్తి స్థలాన్ని గానీ, భవనాన్ని గానీ, ప్రహరీ గోడను గానీ అతని అనుమతి లేకుండా జెండాలు పాతడానికి, బ్యానర్లు కట్టడానికి, నోటీసులు అంటించడానికి, నినాదాలు రాయడానికి పార్టీలు, అభ్యర్థులు తమ అనుచరులను అనుమతించకూడదు. స్థానిక చట్టం అనుమతించే చోట కూడా యజమాని రాతపూర్వక సమ్మతి తీసుకుని, దాని ప్రతిని మూడు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో బహిరంగ ప్రదేశాలను వికృతం చేయకుండా నిరోధించే చట్టం ప్రత్యేకంగా వచ్చింది. అది ఎన్నికల కాలానికే పరిమితమైన చట్టం కాదు.

కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా, గోడ యజమానికి ఆచరణలో దక్కేది చాలా తక్కువ. మా ఇంటి ప్రహరీ మీద ఒక పార్టీ గుర్తు, దాని కింద ఒక నినాదం తెల్లవారేసరికి ప్రత్యక్షమయ్యాయి. అడగలేదు, చెప్పలేదు. వాటి మీద సున్నం వేయించడానికి మనిషిని పిలిస్తే, ‘మీరు చెరిపించారని వాళ్లు అనుకుంటారండీ, ఎన్నికలు అయ్యేదాకా ఉండనివ్వండి’ అని అతనే నాకు నచ్చజెప్పాడు. ఆ మాటలో ఉన్న భయం నిజమైనది. సొంత గోడ మీది రాతను చెరిపితే అది శుభ్రత కింద రాదు, ఎదుటి పార్టీకి మద్దతు కింద వస్తుంది. అందువల్ల ‘యజమాని అభ్యంతరం చెబితే తీసేస్తాం’ అనే పద్ధతి సామాన్యుడికి పనికిరాదు. వీధిలో అందరూ చూస్తుండగా నలుగురు నాయకులు ముందు నిలబడి సంతకం అడిగితే వచ్చే సమ్మతి కూడా స్వచ్ఛందమైనది కాదు. యజమాని ఫిర్యాదుతో నిమిత్తం లేకుండా, సమ్మతి పత్రం కార్యాలయంలో లేని ప్రతి రాతనూ పురపాలక సంఘమే తనంతట తాను చెరిపించడం ఒక్కటే దీనికి మార్గం. అప్పుడు ఇంటి యజమాని ఏ పార్టీకీ శత్రువు కాడు.

ఎవరు కట్టారో తెలియదు అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127ఏ సెక్షన్ ఈ సమస్యను ఎన్నికల కాలానికి ఎప్పుడో పరిష్కరించింది. ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా దాని మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరిగా ఉండాలి. ప్రచురించే వ్యక్తి తన గుర్తింపును తెలియజేస్తూ సంతకం చేసిన ధ్రువీకరణను, తనను ఎరిగిన ఇద్దరి సంతకాలతో ముద్రాపకుడికి ఇవ్వాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, 2,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. 2024 ఎన్నికలకు ముందు ఎన్నికల సంఘం హోర్డింగుల మీద కూడా ముద్రాపకుల, ప్రచురణకర్తల వివరాలు ఉండాలని స్పష్టం చేసింది. ఇంత చక్కని నిబంధనను పురపాలక సంఘాలు తమ తీర్మానాల ద్వారా ఏడాది పొడవునా, శుభాకాంక్షల ఫ్లెక్సీలకు కూడా వర్తింపజేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఫ్లెక్సీ కింది మూలన అనుమతి సంఖ్య, కట్టిన తేదీ, తీయవలసిన తేదీ, బాధ్యుడి పేరు, ఫోను నంబరు స్పష్టంగా కనిపించే అక్షరాల్లో ఉండాలి. అవి లేని ఫ్లెక్సీ ఎవరిదైనా సరే, చూసిన వెంటనే తీసివేయదగినదే అవుతుంది. తేదీ దాటిందో లేదో దారిన పోయే పౌరుడు కూడా చెప్పగలడు.

ఇక్కడ ఫ్లెక్సీ ముద్రించే దుకాణదారుల గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది అప్పు చేసి యంత్రం కొనుక్కున్న చిన్న వ్యాపారులు. రాత్రి పది గంటలకు వచ్చి ‘పొద్దున్నకల్లా కావాలి’ అనే నాయకుడి అనుచరుడిని అనుమతి పత్రం చూపమని అడిగే ధైర్యం వారికి ఉండదు, అడిగితే బాకీ కూడా రాదు. నిబంధన స్పష్టంగా ఉండి, అనుమతి సంఖ్య లేనిదే ముద్రించకూడదని అందరికీ ఒకేలా వర్తిస్తే, ఆ నిబంధనే వారికి రక్షణగా నిలుస్తుంది. వారిని ముందుగా పిలిచి మాట్లాడకుండా, ఆఖరున దాడులు చేసి యంత్రాలు జప్తు చేయడం న్యాయం కాదు.

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖపట్నంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను రాష్ట్రమంతటా నిషేధిస్తున్నట్లు ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలు అన్నారు, ముద్రాపకుల విజ్ఞప్తితో ఆ గడువును 2023 జనవరి 26 వరకు పొడిగించారు. ఆ తర్వాత ఏడాదిన్నర లోపే వచ్చిన ఎన్నికల్లో అన్ని పార్టీలవీ ఎన్ని ఫ్లెక్సీలు చూశామో మనందరికీ తెలుసు. ఉద్దేశం మంచిదే. ఫ్లెక్సీలో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్, దాన్ని చెత్తకుప్పలో తగలబెడితే విషవాయువులు వస్తాయి, మట్టిలో వేస్తే కరగదు. కానీ నిషేధించిన పార్టీ నాయకులే కట్టుకుంటుంటే ఎదుటి పార్టీవారు ఎందుకు మానుకుంటారు? అధికారంలో ఉన్నవారి ఫ్లెక్సీని ముందుగా తీసి చూపించని ఏ నిబంధనకూ జనంలో విలువ ఉండదు.

పైగా సంపూర్ణ నిషేధం వల్ల మరో నష్టం ఉంది. టీవీలో, పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో డబ్బు పెట్టి ప్రకటనలు ఇవ్వగలిగే పెద్ద పార్టీకి వీధిలో బ్యానరు లేకపోయినా గడుస్తుంది. వార్డులో స్వతంత్రంగా నిలబడిన అభ్యర్థికి తన పేరు, తన గుర్తు ఓటర్లకు తెలియజేయడానికి నాలుగు గుడ్డ బ్యానర్లు తప్ప మరో దారి లేదు. అందుచేత నేను కోరేది సంపూర్ణ నిషేధం కాదు. ప్రతి వార్డులో ట్రాఫిక్‌కు, కరెంటు తీగలకు దూరంగా కొన్ని స్థలాలను గుర్తించి, అక్కడ స్థిరమైన చట్రాలు నిలబెట్టి, పోటీలో ఉన్న అభ్యర్థులందరికీ సమానమైన కొలతలో, చీటీలు తీసి కేటాయించాలి. బహిరంగ స్థలాల్లో ప్రచార బోర్డులకు అన్ని పార్టీలకూ సమాన అవకాశం ఇవ్వాలని ఎన్నికల సంఘం ఆదేశాల్లో ఇప్పటికే ఉంది. గుడ్డ, కాగితం మాత్రమే అనుమతిస్తే ఫ్లెక్సీ కంటే ఖర్చు కొంచెం పెరగవచ్చు, సంఖ్య కూడా దానంతట అదే తగ్గుతుంది.

పోలింగ్ అయిన తరువాత తొలగింపు గురించి నిబంధనలు ఇంతకంటే బలహీనంగా ఉన్నాయి. ప్రకటన నాడు 24, 48, 72 గంటలని లెక్క కట్టిన వ్యవస్థ, ఫలితాలు వచ్చిన నాడు ప్రచార సామగ్రిని ఎవరు ఎప్పటిలోగా తీయాలో అంత గట్టిగా చెప్పదు. గెలిచినవారు సంబరాల్లో, ఓడినవారు నిరాశలో ఉంటారు. చివరికి తోరణాల దారాలు, చిరిగిన బ్యానర్లు తీసే పని పారిశుద్ధ్య కార్మికుల మెడకు చుట్టుకుంటుంది. వర్షాకాలం వచ్చేసరికి అవే కాలువల్లో చేరి మురుగును ఆపుతాయి, మళ్లీ వాటిని చేతులతో లాగేది కూడా ఆ కార్మికులే. ఈ పనికి ఖర్చయ్యే ప్రతి రూపాయీ మనం కట్టిన ఇంటి పన్ను నుంచే పోతోంది.

దీనికి కొత్త వ్యవస్థ ఏదీ అక్కరలేదు. శాసనసభకు పోటీ చేసిన ప్రతి అభ్యర్థీ ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా తన ఎన్నికల ఖర్చుల లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలని చట్టం చెబుతోంది. సరైన కారణం లేకుండా సమర్పించకపోతే మూడేళ్ల పాటు పోటీకి అనర్హుడిగా ప్రకటించే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. ఆ లెక్కలతో పాటు ‘ఈ అభ్యర్థి ప్రచార సామగ్రి అంతా తొలగించబడింది’ అని పురపాలక కమిషనరు లేదా పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రం కూడా జతచేయాలని నిబంధన పెడితే, ఫలితాలు వచ్చిన వారంలోనే అనుచరులు నిచ్చెనలు పట్టుకుని బయలుదేరుతారని నా నమ్మకం. అభ్యర్థి తీయనివాటిని పురపాలక సంఘం తీయిస్తే, ఆ ఖర్చును అతని నుంచి వసూలు చేయాలి.

ఖర్చుల లెక్కల్లోని మరో ఖాళీని కూడా ఇక్కడే ప్రస్తావిస్తాను. చట్టం ప్రకారం అభ్యర్థి ఖర్చు లెక్కించేది నామినేషను వేసిన రోజు నుంచి ఫలితాల ప్రకటన వరకు మాత్రమే. శాసనసభ అభ్యర్థికి మన రాష్ట్రంలో ఉన్న 40 లక్షల రూపాయల పరిమితి ఆ కొద్ది వారాలకే వర్తిస్తుంది. అంతకు ముందు ఏడాది పాటు ఆశావహులు శుభాకాంక్షల పేరుతో నియోజకవర్గమంతా కట్టే ఫ్లెక్సీలకు ఏ లెక్కా లేదు. అనుమతి రుసుమును పురపాలక సంఘం ఏడాది పొడవునా వసూలు చేసి, ఎవరి పేరున ఎన్ని ఫ్లెక్సీలకు అనుమతి ఇచ్చిందో నోటీసు బోర్డులో పెడితే, ఆ ఖర్చులో కొంతైనా ప్రజల కళ్లకు కనిపిస్తుంది.

తొలగించే పద్ధతి మీద కూడా జాగ్రత్త అవసరం. ఒక పార్టీ పోస్టర్లను మరో పార్టీ కార్యకర్తలు తొలగించకూడదని ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, ఊళ్లలో తగాదాలు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. కాబట్టి తీసే అధికారం ప్రభుత్వ సిబ్బందికే ఉండాలి, వారు ఒక వీధిలోకి వెళితే ఆ వీధిలోని అన్ని పార్టీలవీ ఒకేసారి తీయాలి, తీయకముందు, తీశాక ఫొటోలు తీసి రిజిస్టరులో నమోదు చేయాలి. అధికార పక్షానిది వదిలేసి ప్రతిపక్షానిది మాత్రం చించిన ఒక్క సంఘటన చాలు, మొత్తం ప్రయత్నం మీద నమ్మకం పోవడానికి. ఎన్నికల కాలంలో సీ-విజిల్ యాప్‌లో పౌరుడు ఫొటో పంపితే 100 నిమిషాల్లో చర్య తీసుకునే ఏర్పాటు ఉంది. ఫిర్యాదుదారు తన పేరు చెప్పకుండా కూడా పంపవచ్చు. అలాంటి ఏర్పాటును పురపాలక సంఘాలు ఎప్పటికీ నడపాలి. 100 నిమిషాలు కాకపోయినా రెండు రోజుల్లో సమాధానం వస్తే చాలు.

పంచాయతీలకు, పురపాలక సంఘాలకు జరిగే ఎన్నికలను నిర్వహించేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. వార్డు స్థాయిలో పోటీ ఇంటింటికీ చేరుతుంది కాబట్టి గోడలకు, స్తంభాలకు ఎక్కువ నష్టం జరిగేది ఆ ఎన్నికల్లోనే. మన కమిషనరుకూ, వార్డు ప్రతినిధులకూ నా విన్నపం ఏమిటంటే, తదుపరి స్థానిక ఎన్నికల ప్రకటన వెలువడే వరకు ఆగకుండా, వచ్చే సర్వసభ్య సమావేశంలోనే అనుమతి సంఖ్య, తీయవలసిన తేదీ, అనుమతి స్థలాలు, రుసుము గురించిన తీర్మానాన్ని ప్రవేశపెట్టి, ఆ ముసాయిదాను వార్డు సచివాలయాల్లో ప్రజల అభ్యంతరాల కోసం ఉంచాలి. తీర్మానానికి ఏ సభ్యుడు మద్దతు ఇచ్చాడో, ఏ సభ్యుడు వ్యతిరేకించాడో మీ పత్రిక జిల్లా పేజీలో ప్రచురించాలని కూడా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు